చప్పిడి మొక్కు

ఆపరేషన్‌కు మనిషిని సిద్ధం చేయడమంటే గొరగడం, కడగడం, ఉతికిన గుడ్డలు తొడగడం అని నేను చాలా కాలం అనుకున్నాను. ఆసుపత్రి పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పటికీ అలాగే అనుకుంటారు. వాళ్ళ తప్పు లేదు. మొదటి రోజు చేతికి కత్తీ సబ్బూ ఇస్తారు గనుక పని అంతేననిపిస్తుంది. అంతే కాదని నాకు తెలియజెప్పినవాడు కడప వైపు నుంచి వచ్చిన ఒక నేతాయన. ఆయన పేరు గానీ ఊరు గానీ ఇక్కడ రాయను. ఆయన కాళ్ళ సంగతి మాత్రం రాస్తాను.

అప్పుడు కర్నూలు రాజధాని. ఊరంతా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, అద్దె ఇళ్ళ కోసం తిరిగే గుమాస్తాలు. నేను పనిచేసిన ఆసుపత్రి ఊరి చివర ఉండేది. ఇప్పుడు ఆ కట్టడం కూడా లేదు. మగవాళ్ళకొక వార్డు, ఆడవాళ్ళకొక వార్డు, మధ్యలో ఆపరేషన్ గది. డాక్టరుగారు ఒక్కరే. మద్రాసులో చదివినవారు. మాట తక్కువ, చెయ్యి మంచిది. పెద్ద నర్సుది గుంటూరు వైపు. అందరం ఆమెను సిస్టరమ్మ అనేవాళ్ళం. నేను మగవార్డులో కట్లు కట్టేవాణ్ణి, ఆపరేషన్‌కు పోయేవాళ్ళను తయారుచేసేవాణ్ణి. కల్లూరు నుంచి హంద్రి దాటి నడిచి వచ్చేవాణ్ణి. ఎండాకాలంలో ఆ ఏటిలో చెప్పులు తడిసేటన్ని నీళ్ళు కూడా ఉండేవి కావు.

నా గురించి ఒక్క మాట గొప్పగానే చెప్పుకుంటాను. ఎనిమిదో తరగతిలో నా బడి ఆగింది కానీ చదువు ఆగలేదు. పని దిగగానే గ్రంథాలయానికి పోయేవాణ్ణి. రాజధాని వచ్చాక అక్కడ కుర్చీ దొరకడమే కష్టమైంది. కోస్తా గుమాస్తాలు పత్రికలు పట్టుకుని కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాళ్ళు కాదు. నాకు పత్రికలతో పని లేదు. వెనక బీరువాలో గృహవైద్యం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. దాన్నీ నిఘంటువునూ పక్కపక్కన పెట్టుకుని సాయంత్రానికి ఒక పేజీ చొప్పున చదివేవాణ్ణి. నాకు నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చిందంటే ఆ బీరువా దయ. సిస్టరమ్మ పొద్దున్నే నన్ను చూసి, "ఏమయ్యా, నిన్న ఏ రోగం దాకా వచ్చావు?" అని అడిగేది.

నేతాయన ఆ ఎండల్లోనే వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. నలభై దాటిన మనిషి. సన్నటి ఒళ్ళు, పిక్కలు మాత్రం గట్టివి. గజ్జలో పేగు జారింది. హెర్నియా అంటారే, అది. వచ్చిన రోజే డాక్టరుగారు ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద ఎత్తు పెట్టించి, జారిన పేగును చేత్తో నెమ్మదిగా లోపలికి నెట్టారు.

"ఈసారి పోయింది. ఇంకోసారి పోకపోవచ్చు. బయటే చిక్కుకుని మెలిపడిందంటే ప్రాణం మీదికి వస్తుంది. కుట్టించుకునే ఇంటికి పోవాలి," అన్నారు.

నేతాయన తల ఊపాడు. ప్రాణం గురించి ఆయన మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆయన బెంగంతా కాళ్ళ మీద. గుంట మగ్గం చూసినవాళ్ళకు ఆ బెంగ అర్థమవుతుంది. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న పలకలను ఒకటి విడిచి ఒకటి తొక్కుతాడు. కాలు తొక్కితేనే పడుగు దారాలు రెండుగా విడతాయి, అవి విడితేనే వాటి మధ్య నాడె పోతుంది. చెయ్యి ఎంత నేర్పరిదైనా కాలు ఆగితే చీర ఆగుతుంది.

ఆ కాళ్ళే మంచం మీదికి వచ్చిన మర్నాటి నుంచి పట్టేయడం మొదలుపెట్టాయి. ఉన్నట్టుండి పిక్క రాయిలా ఉబికేది. పాదం కిందికి వంగిపోయేది. మనిషి పళ్ళు బిగించి మంచం పట్టె పట్టుకునేవాడు. నేను పరుగెత్తి, మడమ ఒక చేత్తో పట్టుకుని, వేళ్ళను మోకాలి వైపుకు నెమ్మదిగా వంచి పట్టేవాణ్ణి. కాసేపటికి పిక్క వదిలేది. చెమట తుడుచుకునేలోపల రెండో కాలు పట్టేసేది.

"పుట్టినకాడి నుంచి ఈ కాళ్ళు నా మాట ఇన్యాయి అప్పా," అనేవాడు. "ఈడికొచ్చినాక ఏమైందో, వాటి ఇష్టం వాటిది."

సిస్టరమ్మ వచ్చి చూసి, ముందు దుప్పటి లాగేసింది. మంచాలు తీర్చిదిద్దినట్టు ఉండాలని దుప్పటి అంచులు బిగించి పరుపు కిందికి దోపించేది ఆమే. "ఇంత బిగిస్తే పాదాలు వంగిపోయే ఉంటాయి. ఈయనకు వదులుగా కప్పండి," అంది. వార్డు మొత్తంలో ఒక్క ఆ మంచం మాత్రమే చిందరవందరగా ఉండడానికి ఆమె ఒప్పుకుంది. దానివల్ల కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇక నా పుస్తకం చేసిన మేలు వినండి. ఆ సాయంత్రం నేతాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "సూది యాడ యేస్తారప్పా?" అని అడిగాడు. చెప్పేవాణ్ణి నేను. వదులుతానా? వెన్నులో ఎక్కడ వేస్తారో, మందు ఎలా దిగుతుందో, నడుము కింద నుంచి ఎలా మొద్దుబారుతుందో అంతా వివరించాను.

"అంటే కాళ్ళు సచ్చిపోతాయి."

"చచ్చిపోవు అన్నా, నిద్రపోతాయి. కొన్ని గంటల్లో మళ్ళీ లేస్తాయి."

"అందరికీ లేస్తాయా?"

అక్కడ అవునని ఊరుకుంటే సరిపోయేది. "ఎక్కడో ఒకరికి ఆలస్యం కావచ్చని పుస్తకంలో ఉంది," అన్నాను.

"ఎంత ఆలస్యం?"

"అది రాయలేదు."

నేతాయన రెండు చేతులతో తన పిక్కలు తడిమి చూసుకున్నాడు. పక్క మంచం మీద చెయ్యి విరిగిన ఓర్వకల్లు రైతు ఒకాయన ఉండేవాడు. అటు పోతున్న సిస్టరమ్మను పిలిచి, "అమ్మా, నోరు మూసుకుని ఉండేది నేర్పిచ్చే పుస్తకం యాడన్నా ఉంటే ఈ అప్పతో సదివిచ్చండి," అన్నాడు.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గేటు దగ్గర గుంపు. నేతాయన చంకలో మూటతో మట్టిలో కూలబడి ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా ఇంటికి బయలుదేరాడట. గేటు దాకా బాగానే వచ్చాడు. అక్కడ రెండు పిక్కలూ ఒకేసారి పట్టేశాయి. పారిపోదామన్న కాళ్ళే ఆయనను ఆపాయి. భార్య ఒక పాదం పట్టుకుని వంచుతోంది, ముసలి వాచ్‌మన్ సాయిబు రెండోది పట్టుకున్నాడు.

"ఈ కాళ్ళతో కడపకు పోతావా భాయ్? ఊళ్ళో పెద్దాసుపత్రి దాకా కూడా పోలేవు," అని సాయిబు ఆయనను వీపున వేసుకుని తెచ్చి మంచం మీద దించాడు.

డాక్టరుగారు వచ్చి నాలుక చూశారు, పొట్ట మీది చర్మం పట్టి వదిలి చూశారు. "మనిషి ఎండిపోయాడు. ఈ స్థితిలో బల్ల ఎక్కించను," అన్నారు. ఆపరేషన్ వాయిదా పడింది. ఇంటికి పంపితే దారిలో పేగు మళ్ళీ జారవచ్చు. ఉంచితే కాళ్ళు ఇలా ఉన్నాయి. సిస్టరమ్మతో ఏదో ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయారు. నేను దూరంగా ఉన్నాను, వినబడలేదు.

మధ్యాహ్నం నాకు తీరిక దొరకగానే గ్రంథాలయానికి పరుగెత్తాను. ఆ ఎండలో గుమాస్తాలు కూడా లేరు. బీరువా తీసి వెతికాను. దొరికింది. ఓడల్లో కొలిమి ముందు బొగ్గు వేసే పనివాళ్ళకు చెమటతో ఒంట్లోని ఉప్పు పోయి, కాళ్ళూ చేతులూ పట్టేస్తాయని, ఉత్త నీళ్ళు తాగితే లాభం లేదని, నీళ్ళలో ఉప్పు కలిపి తాగిస్తే తగ్గుతుందని ఒక పేరా. నిఘంటువు లేకుండానే అర్థమైంది. వచ్చేటప్పుడు నా కాళ్ళు నేల మీద లేవు.

"సిస్టరమ్మా, ఉప్పు. ఆయనకు ఒంట్లో ఉప్పు తగ్గింది," అన్నాను.

ఆమె చేతిలో గ్లాసుంది. "డాక్టరుగారు పొద్దున్నే చెప్పారు. ఉప్పు వేసి గంజి ఇమ్మన్నారు. ఇదుగో, ఇది మూడో గ్లాసు. ముద్ద కూడా ముట్టడు, చుక్క కూడా తాగడు. ఎందుకు తాగడో ఏ పేజీలో ఉందో చూసి రా," అంది.

అది ఏ పేజీలోనూ లేదు. వార్డు వెనక వసారాలో రోగుల ఇంటివాళ్ళు రాళ్ళ పొయ్యిలు పెట్టుకుని వండుకునేవాళ్ళు. నేతాయన భార్య అక్కడ సంగటి కెలుకుతోంది. నేను పోయి కూర్చున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కూడా.

"అక్కా, ఏం వండినావు?"

"సంగటి, గోంగూర."

"నాకూ ఒక ముద్ద పెట్టు."

"నీకు మింగుడు పడదులేప్పా," అంటూనే పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను. పులుపు తగిలింది, కారం తగిలింది, ఇంకేమీ తగల్లేదు.

"ఉప్పు మర్చిపోయినావక్కా."

"మర్చిపోల్యా. ఎయ్యకూడదు."

అప్పుడు చెప్పింది. రైలెక్కే ముందు ఇద్దరూ ఒంటిమిట్టకు పోయారు. కోదండరాముని ఎదుట నిలబడి ఆయన మొక్కుకున్నాడు, ఆపరేషన్ అయి మళ్ళీ తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా ఉప్పు ముట్టనని. ఆ రోజు నుంచి చప్పిడి తిండి. దాని మీద ఇల్లు వదిలే ముందు కడుపు శుభ్రం కావాలని ఆమె ఆముదం పట్టించింది. ఇక్కడికి వచ్చాక మేమూ మా వంతు పట్టించాం. ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళందరికీ ఆముదం పోసే రోజులవి. బయట ఆ ఎండ. ఇంక ఒంట్లో ఏం మిగులుతుంది?

"మరి ఆసుపత్రి అన్నం ఏమవుతాంది?"

"పక్క మంచం ఆయన తింటాండాడు. రెండు పూట్లా ఆయనే. చూడల్యా, వచ్చిననాటికీ ఇప్పటికీ ఎంత నున్నగైనాడో."

"డాక్టరుకు చెప్పి ఉంటే బాగుండునక్కా."

"మొక్కు ఊరంతా చెప్పుకుంటారా? సామికి చెప్పినాం, సాలు."

"నువ్వు వేరే వండుకుంటున్నావా?"

"ఇద్దరు మనుషులకు రెండు కుండలెందుకప్పా," అంది. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

సిస్టరమ్మకు చెప్పాను. ఆమె తల పట్టుకుంది. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "ఆయనను ఎవరూ తిట్టొద్దు. నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కిద్దాం. నోటితో పని లేదు," అన్నారు.

"సీసాలో ఏముందో చెప్పకుండా ఎక్కిద్దామా?" అని సిస్టరమ్మ అడిగింది.

"అడిగితే చెప్పండి."

ఆయన అడిగాడు. సీసా కడ్డీకి తగిలిస్తుంటేనే అడిగాడు. సిస్టరమ్మ నా వైపు చూసింది. చెప్పాను. నేతాయన చెయ్యి వెనక్కి లాక్కుని పంచె కింద దాచుకున్నాడు.

"నాలిక మీద పడదు అన్నా. మొక్కు చెడదు."

"నోట్లో పోయినా నరంలో పోయినా నా ఒంట్లోకే గదప్పా పోయేది. సామికి తెలీదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మొక్కు తప్పినాక ఆ సూది యేస్తే, ఈ కాళ్ళు మళ్ళా లేస్తాయని నాకెవరు చెప్తారు? నువ్వు చెప్తావా? నీ పుస్తకంలోనే ల్యాకపాయె."

సిస్టరమ్మ సీసా దించి పట్టుకుని నిలబడింది. అప్పుడు మంచం కాళ్ళ వైపు కూర్చున్న భార్య లేచింది. కొంగు నడుముకు దోపుకుంది.

"నీ మొక్కు నా మీద యేసుకుంటా. నువ్వు నిలబడేదాకా నేను చప్పిడి తింటా. నువ్వు గంజి తాగు."

"మొక్కినోణ్ణి నేను. నువ్వెట్లా తీరుస్తావే?"

"నీకు చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు మొక్కింది నువ్వేనా? మీ అమ్మ మొక్కింది. పొర్లుదండాలు పెట్టింది మీ అమ్మ. బతికింది నువ్వు. అప్పుడేమన్నా లెక్క తప్పిందా?"

నేతాయన ఆలోచనలో పడ్డాడు.

"నీక్కూడా కాళ్ళు పట్టుకుంటే?"

"పట్టుకోనీ. నావేమన్నా తొక్కే కాళ్ళా? కండెలు సుట్టేదాన్ని. రాట్నం తిప్పేదానికి చేతులుంటే సాలు నాకు."

ఆయన ఆమె ముఖం చూశాడు. తరువాత సిస్టరమ్మ వైపు తిరిగి, "సీసా వొద్దమ్మా. ఆ గంజి ఇట్లియ్యండి," అన్నాడు. కళ్ళు మూసుకుని మొదటి గుక్క తాగాడు. మందు తాగినవాడిలా కాదు, ఆకలిగొన్నవాడిలా తాగాడు. రెండో గ్లాసు ఆయనే అడిగాడు.

"అంటే రేపట్నుంచి నా రెండో పళ్ళెం పాయె," అన్నాడు ఓర్వకల్లు రైతు.

మర్నాటికి పిక్కలు మెత్తబడ్డాయి. ఆ పైరోజు ఒక్కసారి కూడా పట్టలేదు. కాళ్ళ నొప్పి పోయింది కానీ సూది భయం అలాగే ఉంది. దానికి మందు సిస్టరమ్మ వేసింది. వాచ్‌మన్ సాయిబును లోపలికి పిలిపించి, "చూపించు," అంది. సాయిబు సిగ్గుపడుతూ లుంగీ కొంచెం కిందికి జరిపి గజ్జలో పాత కుట్టు చూపించాడు.

"ఇదే డాక్టరు భాయ్, ఇదే సూది. పోయినేడు చలికాలం. సాయంత్రం దాకా నా కాళ్ళు నావి కావు, ఇంకెవరివో. మర్నాడు మళ్ళీ నావే."

"మొన్న గేటు కాడ నుంచి నన్ను మోసింది ఆ కాళ్ళతోనేనా?" అని నేతాయన అడిగాడు.

"ఇంకో జత ఎక్కడుంది నాకు?"

నేతాయన మొదటిసారి నవ్వాడు. నేను అంతసేపు చెప్పిన వెన్నెముక వివరమంతా ఆ ఒక్క కుట్టు ముందు ఎందుకూ పనికిరాలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీకు చెప్పేదొకటే. చదవండి, బాగా చదవండి, నేను ఇప్పటికీ చదువుతున్నాను. కానీ భయపడినవాడికి పుస్తకం వినిపించకండి. ఆ బాధ పడి లేచినవాణ్ణి తెచ్చి చూపించండి.

ఆపరేషన్ రోజు ఆయనను నేనే గొరిగాను, కడిగాను. బల్ల మీద పక్కకు తిప్పి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా వంచి, నా రెండు చేతులతో పట్టుకున్నాను. సూది వేసేటప్పుడు కదలకూడదు. పట్టుకున్నందుకు నాకు తెలిసింది, ఆ మనిషి ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది, అయినా కదల్లేదు.

వెల్లకిలా తిప్పాక కాసేపటికి, "అప్పా, నా కాళ్ళు యాడ ఉండాయి?" అన్నాడు.

"ఉన్నచోటే ఉన్నాయి," అన్నారు డాక్టరుగారు ముఖగుడ్డ వెనక నుంచి. "నేను చూస్తున్నాను. నువ్వు నీ పని చూసుకో."

"నా పనేంది సామీ?"

"ఊరికే పడుకోవడం."

కుట్టడం అయిపోయింది. మంచం మీదికి చేర్చాం. ఆ మధ్యాహ్నమంతా భార్య దుప్పటి మీద నుంచే ఆయన కాళ్ళు తడుముతూ, "తెలుస్తాందా?" అని అడుగుతూ కూర్చుంది. తెలియడం లేదని ఆయన తల అడ్డంగా ఊపేవాడు. పొద్దు వాలేవేళ కుడి బొటనవేలు కదిలింది. కదిలించింది తానేనా అని ఆయన మళ్ళీ కదిపి చూసుకున్నాడు. తరువాత ఎడమది. ఆమె పైకి లేచి పోయి పొయ్యి రాజేసింది.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. ఆయన కాళ్ళు ఆయనకు వచ్చాయి. కానీ మొక్కు ఆయన నిలబడితే గానీ తీరదు. అప్పట్లో ఈ ఆపరేషన్ అయితే వారం పైనే మంచం దిగనిచ్చేవాళ్ళు కాదు. కుట్లు ఊడతాయని డాక్టర్లకే భయం. అన్ని రోజులూ ఆమె చప్పిడే తినాలి. మొదట్నుంచీ ఆయనతో పాటు ఉప్పు లేని ఆ ఒక్క కుండలోదే తింటున్న మనిషి. కొత్తగా మొదలుపెట్టింది కాదు.

మూడో రోజు పొద్దున నేను కట్టు చూడడానికి వెళ్ళాను. ఆమె ఆయనకు గంజి పట్టిస్తోంది, ఎడమ చేత్తో. కుడి చెయ్యి కొంగు కింద ఉంది.

"ఆ చేతికేమైందక్కా?"

"ఏమీ కాల్యా."

సిస్టరమ్మ వచ్చి కొంగు తొలగించింది. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. బొటనవేలు అరచేతిలోకి దిగిపోయింది. ఆమె విడదీయాలని చూసినకొద్దీ ఇంకా బిగుసుకుంటున్నాయి. కాళ్ళు పట్టుకున్నా పరవాలేదన్న మనిషికి చేతులు పట్టేశాయి.

నేతాయన అది చూశాడు. గ్లాసు పక్కన పెట్టేసి, "నేనిప్పుడే లేస్తా," అని దుప్పటి తీశాడు. నేను భుజాలు పట్టి ఆపాను. "వదలప్పా. ఆ చేతుల్లో కండె తిరక్కపోతే నా మగ్గం మీద ఏం నేస్తా నేను? నన్ను నిలబెట్టు."

"కుట్లు ఊడితే మళ్ళీ మొదటికి వస్తావు," అంది సిస్టరమ్మ. భార్య వైపు తిరిగి, "నువ్వైనా ఉప్పునీళ్ళు తాగమ్మా," అంది.

"ఆయన మొక్కు నేను పట్టుకున్నా. నేను ఇంగొకరికి ఇచ్చేది ల్యా," అంది ఆమె.

సిస్టరమ్మ డాక్టరుగారిని పిలుచుకువచ్చింది. ఆయన ముందు ఆమె చెయ్యి చూశారు, తరువాత నేతాయన కుట్టు చూశారు. కుట్టు శుభ్రంగా ఉంది. చుట్టూ ఒత్తి చూశారు.

"బయటి దేశాల్లో మర్నాడే లేపి నడిపిస్తున్నారు," అన్నారు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "పత్రికల్లో చదువుతూనే ఉన్నాను. కుట్లు ఊడడం లేదని, మనిషి తొందరగా కోలుకుంటున్నాడని రాస్తున్నారు. నాకు చదువు చెప్పినవాళ్ళు రెండు వారాలు పడుకోబెట్టమన్నారు. చదివిందేమో ఒకటి, నేర్చుకున్నది ఒకటి. ఇన్నాళ్ళూ ధైర్యం చాలక ఊరుకున్నాను."

అంత పెద్ద చదువు చదివినాయన కూడా నాలాగే పుస్తకానికీ పనికీ మధ్య నిలబడిపోతారని ఆ రోజు తెలిసింది. నాకు అది సంతోషంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

"పొట్టకు గట్టిగా కట్టు కట్టు," అని నాతో అన్నారు. "నువ్వు ఒక పక్క, నేను ఒక పక్క. దగ్గు వస్తే కుట్టు మీద చెయ్యి పెట్టుకోవాలి. నొప్పి గట్టిగా ఉంటే వెంటనే చెప్పాలి."

వెడల్పాటి గుడ్డతో కట్టు బిగించాను. నెమ్మదిగా లేపి కూర్చోబెట్టాం. ముఖం పాలిపోయింది. ఆగాం. మళ్ళీ రంగు వచ్చింది. కాళ్ళు నేలకు ఆనించాం. నేల చల్లగా తగిలినట్టుంది, ఆయన వేళ్ళు ఒకసారి ముడిచి చాపాడు. సిస్టరమ్మ మంచం పట్టె మీద ఆయన చెయ్యి పెట్టించింది. ఓర్వకల్లు రైతు విరిగిన చెయ్యి గుండెకు ఆనించుకుని లేచి కూర్చున్నాడు.

లేచాడు. నేను నడుము పట్టుకున్నాను, డాక్టరుగారు మోచెయ్యి పట్టుకున్నారు. కాసేపటికి డాక్టరుగారు చెయ్యి తీసేసి, నన్ను కూడా తీసేయమని కనుసైగ చేశారు. తీశాను.

"ఏమే, నిలబడినా," అన్నాడు నేతాయన. "పోయి తిను."

ఆమె కదల్లేదు. ఆయన పాదాల వైపు చూసింది, ఎవరైనా పట్టుకుని ఉన్నారేమోనన్నట్టు. ఎవరూ లేరు. అప్పుడు ఒంటిమిట్ట ఎటువైపో ఆమెకు ఏం తెలుసో గానీ, గోడ వైపు తిరిగి, ముడుచుకున్న వేళ్ళతోనే దండం పెట్టింది.

సిస్టరమ్మ ఆసుపత్రి వంటగది నుంచి పళ్ళెం తెప్పించింది. అన్నం, చింతపండు చారు, ఒక మూల చిటికెడు ఉప్పు. కుడిచేత్తో కలుపుకోవడం రాకపోతే సిస్టరమ్మే కింద చతికిలబడి, తెల్లచీర నేలకు తగులుతున్నా చూసుకోకుండా, ముద్ద కలిపి ఆమె నోటికి అందించింది. ఆమె నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమ్మా, ఎక్కువైందా?" అంది సిస్టరమ్మ.

"ఇంగొంచెం యెయ్యండి," అంది ఆమె.

ఆ తరువాత మా వార్డులో ఈ ఆపరేషన్ అయినవాళ్ళను వారం పైన పడుకోబెట్టడం మానేశాం. ఆపరేషన్‌కు ముందు నేను అడిగే ప్రశ్నల్లో మొక్కేమైనా ఉందా అన్నది కూడా చేరింది. చాలామందికి ఉండేది. అడిగితే చెప్పేవాళ్ళు.

ఆ రోజు మాత్రం ఎవరికీ అదంతా తోచలేదు. అందరం ఆమె తినడమే చూస్తున్నాం. పళ్ళెం సగం అయ్యేసరికి ఆమె వేళ్ళు కొంచెం కొంచెంగా విచ్చుకున్నాయి. మిగతా సగం తన చేత్తోనే తింది. మంచం పట్టె పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదిలేశాడో గానీ, నేతాయన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, ఆమె చివరి మెతుకు తినేదాకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని చెప్పడం డాక్టరుగారు మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను.